నరకం ఖాళీ అయ్యే రోజు

బేకరీ వెనక గది

చిరంజీవి తమ్ముడికి అక్క రాయునది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ గొంతు వింటే ప్రసంగం విన్నట్టే ఉంటుంది, మధ్యలో నాకు మాట పడిపోతుంది. కాగితమైతే నువ్వు అడ్డు తగలలేవు. అందుకని రాస్తున్నాను.

పోయిన ఆదివారం నువ్వు చేసిన ప్రసంగం రికార్డింగు మా చర్చిలో ఒకావిడ తెచ్చింది. "మీ తమ్ముడుగారు ఎంత బాగా చెప్పారో వినండి" అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది. విన్నాను. నరకం శాశ్వతం కాదట. దేవుడి ప్రేమ ముందు ఎంతటి పాపి అయినా చివరికి కరగక తప్పదట. ఒకరోజు నరకం ఖాళీ అయిపోతుందట, లోపల ఒక్క మనిషి కూడా మిగలడట. ఎవరో గట్టిగా "ఆమెన్" అన్నారు.

ఆ ఫోను బల్ల మీద పెట్టేసి లోపలికి వచ్చేశాను. ఓవెన్లో బన్నుల ట్రే మొత్తం మాడిపోయింది. మీ బావ ఆ ట్రే తీసి చెత్తలో దులిపాడు.

ఒక్కటే అడుగుతాను. ఖాళీ అయ్యే రోజున బయటికి వచ్చేవాళ్ళలో ఆ మేనేజరు కూడా ఉంటాడా?

మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. మన పిడుగు పనిచేసిన బట్టల వర్క్‌షాపులో వెనక తలుపుకి తాళం వేసింది వాడే. మంటలు లేచాక ఆ తలుపు వెనకే ఆరుగురు ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడి దొరికారు. వాళ్ళలో నా కూతురు, మన పిడుగు ఒకతి. దాని పెట్టెను మట్టిలోకి దింపించింది నువ్వే. ఆ రోజు నా భుజం పట్టుకుని, "అక్కా, దేవుడు అంతా చూశాడు. తీర్పు ఆయన చేతిలో ఉంది" అన్నావు. కోర్టు వాడికి మూడేళ్ళు వేసి చేతులు దులుపుకున్నప్పుడు నేను ఆ మాట పట్టుకునే బతికాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నావా? సూటిగా చెప్పు.

నీ అక్క

*

పాస్టరు క్వార్టర్సు, చర్చి ఆవరణ

ప్రియమైన అక్కకు, ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం చదివి మనసు బరువెక్కింది. పిడుగును నేను మర్చిపోతానా? నా చేతుల మీద పెరిగిన పిల్ల.

శిక్ష లేదని నేను అనలేదక్కా. శిక్షకి ఒక చివర ఉందన్నాను. మనం "నిత్యం" అని చదువుకునే మాటకి మూలభాషలో ఒక యుగం, ఒక దీర్ఘకాలం అనే అర్థం కూడా ఉందని చాలామంది పండితులు అంటారు. ఆ అగ్ని బూడిద చేసే అగ్ని కాదు. కంసాలి కొలిమి లాంటిది. బంగారంలోని మష్టు పోయేదాకా కాలుస్తుంది, బంగారాన్ని పారెయ్యదు. నువ్వే ఆలోచించు, ఏ తండ్రయినా తన బిడ్డల్లో కొందరు శాశ్వతంగా అల్లాడుతుంటే మిగిలినవాళ్ళతో కలిసి విందు చేసుకోగలడా?

నువ్వడిగిన మనిషి సంగతి నేను చెప్పగలిగింది కాదు. ఎవరి మనసు ఎప్పుడు ఎలా మారుతుందో మనకి తెలియదు. ఆ విషయం దేవుడికి వదిలేద్దాం.

ఇంత కోపం లోపల పెట్టుకుంటే నీ ఒళ్ళే పాడవుతుంది. బీపీ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా? బావగారిని అడిగానని చెప్పు. మీ మరదలు కూడా అడుగుతోంది.

నీ తమ్ముడు

*

బేకరీ వెనక గది

తమ్ముడికి,

నా బీపీ సంగతి తర్వాత. అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఇంకొకటి. అవునా కాదా అంటే మూలభాష అన్నావు, పండితులన్నావు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి "అది ఎప్పుడో బీటలు వారిందక్కా" అనేవాడివి. ఇప్పటికీ అదే తీరు.

కొలిమి అన్నావే, ఎప్పుడైనా దాని ముందు నించున్నావా? నేను రోజూ ఓవెన్ తలుపు తెరుస్తాను. వేడి మొహానికి కొట్టగానే చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది. పక్కనే మీ బావ పిండి పిసుకుతూ తల దించుకుంటాడు. నా పిల్ల ఏ మష్టు వదిలించుకోవడానికి కాలిందో కాస్త మూలభాషలో చూసి చెప్పు.

విందు అన్నావు. బాగుంది. ఆ విందులో వాణ్ణి ఎక్కడ కూర్చోబెడతారు? పిడుగు పక్కనేనా? "ఇదిగోమ్మా, మీ మేనేజరుగారు వచ్చారు, కాస్త జరుగు" అంటాడా నీ దేవుడు?

కోర్టులో వాడు ఏమన్నాడో నువ్వు వినలేదు, నేను విన్నాను. "దొంగతనాలు ఎక్కువయ్యాయి సార్, అందుకే తాళం వేయించాను. కంగారులో తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రాలేదు" అన్నాడు. చొక్కా మీద దారప్పోగు తీసి పారేసినట్టు అన్నాడు. అలాంటివాడికి ఒక యుగం చాలంటావు నువ్వు. నేను చాలదంటాను. ఎంతైతే చాలుతుందో నాకు తెలియదు గనకే దాన్ని నిత్యం అంటారు.

ఇంకో సంగతి. నువ్వు తప్పు బోధ చేస్తున్నావని మీ సంఘం పెద్దలకి ఫిర్యాదు రాశాను. కింద సంతకం కూడా పెట్టాను. నీ వెనకాల గోతులు తవ్వానని రేపు అనకుండా ముందే చెబుతున్నాను.

అక్క

*

పాస్టరు క్వార్టర్సు

అక్కకు,

నీ ఫిర్యాదు అందింది. నన్ను పిలిపించి, గుమాస్తాని సంజాయిషీ అడిగినట్టు అడిగారు. "అయ్యగారూ, నరకం లేదంటే రేపట్నుంచి చర్చికి ఎవరొస్తారండీ?" అన్నాడు ఒక పెద్దాయన. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. అలాంటివాళ్ళ చేతికి నన్ను అప్పగించావు. సొంత అక్కవి.

కోపం నాకూ వస్తుంది. కనుక నేనూ సూటిగానే చెబుతాను. నీకు కావలసింది దేవుడు కాదక్కా, జైలరు. తాళాలు గుత్తిగా నడుముకి వేలాడదీసుకుని, నువ్వు వెళ్ళి అడిగినప్పుడల్లా "ఉన్నాడమ్మా, ఇంకా లోపలే అరుస్తున్నాడు" అని చెప్పే జైలరు.

బోధ బోధ అంటున్నావు కదా, ఆ బోధ ప్రకారం నాన్న ఎక్కడున్నాడో చెప్పు. బాప్తిస్మం లేదు, నమ్మకం లేదు. ప్రతి ఆదివారం అమ్మని సైకిల్ మీద చర్చి గేటు దాకా తెచ్చి, బయట గోడ నీడన పేపరు చదువుకునేవాడు. పోయే ముందు అప్పటి పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తానంటే, "ఎందుకండీ, ఆ దేవుడికి పనిమాలా శ్రమ" అన్నాడు. నువ్వు పట్టుకున్న బోధ నిజమైతే నాన్న కూడా ఆ మంటల్లోనే ఉండాలి. ఉన్నాడా? అనగలవా?

అనలేవు. ఎందుకంటే నీ నరకంలో ఉన్నది ఒకే ఒక్కడు. వాడి కోసం కట్టించుకున్నావు దాన్ని. దాని మీద దేవుడి చేత సంతకం పెట్టించాలని చూస్తున్నావు.

తమ్ముడు

*

బేకరీ

పాస్టరుగారికి,

వందనాలు పెట్టడం లేదు. ఏమీ అనుకోకండి.

నిన్న మీ భార్య ఫోన్ చేసింది. చాలాసేపు ఏడుపే. తర్వాత అసలు సంగతి చెప్పింది. వాడు జైలు నుంచి వచ్చి మీ ఊళ్ళోనే ఉంటున్నాడట. ప్రతి ఆదివారం మీ చర్చిలో ఆఖరి బెంచీ మీద కూర్చుంటాడట. ప్రార్థన అయ్యాక మీ వరండాలో మీరిద్దరూ టీ తాగుతారట. "వదినా, ఆ కప్పు నేను విడిగా పెట్టేశాను, ఇంకెవరికీ ఇవ్వను. కానీ ఆ మనిషి మొహం చూస్తూ టీ పొయ్యడం ఇక నావల్ల కాదు" అంది పిచ్చిది. మీరు చెప్పొద్దన్నారట. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుందట.

అంటే ఆ ప్రసంగం లోకంలోని పాపులందరి కోసం కాదన్నమాట. వాడొక్కడి కోసం. "ఆ మనిషి సంగతి నేను చెప్పగలిగింది కాదు" అని నాకు రాసిన రోజున కూడా వాడు నీ వరండాలో కూర్చునే ఉన్నాడు కదరా!

నా నరకంలో ఒక్కడే ఉన్నాడన్నావు. నీ పరలోకంలో ఎంతమంది ఉన్నారు? అక్కడా వాడొక్కడే. నువ్వూ నేనూ ఒకే మనిషిని పట్టుకుని చెరో పక్కకి లాగుతున్నాం. తేడా ఏమిటంటే, నేను పైకి చెప్పి లాగుతున్నాను.

నాన్న పేరు ఎత్తావు. ఎత్తకూడని చోట ఎత్తావు. నాన్న ఏ తలుపుకీ తాళం వెయ్యలేదు. ఆయన్ని ఏం చెయ్యాలో దేవుడికి నేను నేర్పక్కర్లేదు. వాణ్ణి ఏం చెయ్యాలో మాత్రం నేర్పుతాను. వినకపోతే నాకూ ఆయనకీ చెల్లు.

ఇక రాయకు. మా గడప తొక్కకు.

*

పాస్టరు క్వార్టర్సు

అక్కకు,

రాయొద్దన్నావు. రెండు నెలలు ఆగాను. చదవకుండా చింపేద్దామనుకుంటే బావగారికి ఇవ్వు, ఆయన చదివినా చాలు.

అతను వచ్చిన రోజు చెబుతాను. వాన పడుతోంది. గడ్డం పెరిగి, మనిషి సగమై ఉన్నాడు, నేను గుర్తుపట్టలేదు. తల దాచుకోవడానికి వచ్చాడేమో అనుకున్నాను. "అయ్యగారూ, నేను ఫలానా" అన్నాడు. కాలర్ పట్టుకుని మెట్ల మీంచి తోసేశాను. మోకాలు చీరుకుపోయింది. మళ్ళీ ఆదివారం వచ్చి గేటు దగ్గర నించున్నాడు. ఆ పై ఆదివారం లోపలికి వచ్చి ఆఖరి బెంచీ మీద కూర్చున్నాడు. చర్చిలో కూర్చున్న మనిషిని లెమ్మనే అధికారం నాకు లేదు.

అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు మీ మరదలికి కూడా చెప్పలేదు. వరసపెట్టి ప్రతి ఆదివారం నరకం మీదే ప్రసంగించాను. ఆ మంట, ఆ దాహం, పళ్ళు కొరుక్కోవడం, ఒక్కటి వదల్లేదు. అతని మొహం చూస్తూ చెప్పాను. అతను పాలిపోతున్న కొద్దీ నా గొంతు లేచేది. జనం "అయ్యగారు పరిశుద్ధాత్మ అభిషేకంతో మాట్లాడుతున్నారు" అనుకున్నారు. ఇంటికొచ్చి కడుపునిండా భోజనం చేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

ఒకరోజు అతను మధ్యలో లేచి బయటికి పరిగెత్తాడు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది, గోడ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. నాకు సంతోషమేసింది అక్కా. పిడుగు పోయాక అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ మరుక్షణం భయమేసింది. నేను చెబుతున్నది దేవుడి మాటే అయితే నా నోటికి ఇంత తియ్యగా ఎందుకుంది? ఇంతమందిని కూర్చోబెట్టి నేను దేవుడిని ఆరాధిస్తున్నానా, నా పగని ఆరాధిస్తున్నానా?

మూలభాష, పండితులు, అంతా ఆ తర్వాతే. ముందు ఆ సంతోషానికి జడుసుకున్నాను. అది నీకు రాయకుండా పుస్తకాల్లో మాటలు రాశాను.

పెద్దలు తేల్చేదాకా నన్ను ప్రసంగం మానుకోమన్నారు. ఆదివారాలు ముందు వరసలో కూర్చుని వింటున్నాను. అతను ఇప్పటికీ వస్తున్నాడు. తమాషా ఏమిటంటే, నా కొత్త బోధ అతను ఒక్క ముక్క కూడా నమ్మడు.

తమ్ముడు

*

బేకరీ వెనక గది

తమ్ముడికి,

నేను వచ్చాను. నీకు తెలియదు.

పోయిన ఆదివారం బస్సెక్కి, మరదలికి కూడా చెప్పకుండా, తల మీద కొంగు కప్పుకుని మీ చర్చిలో ఆఖరి బెంచీ మీద వాడి పక్కన కూర్చున్నాను. ముందు వరసలో నీ తల వెనక భాగం కనిపిస్తోంది. నాన్నకి పలచబడినట్టే జుట్టు పలచబడింది. ప్రసంగం ఎవరు చేశారో, ఏం చెప్పారో ఒక్క ముక్క ఎక్కలేదు. పక్కన వాడు ఊపిరి తీస్తున్న చప్పుడే వింటూ కూర్చున్నాను.

అయ్యాక కుళాయి దగ్గర ఆపాను.

"నేనెవరో తెలుసా?"

"తెలుసమ్మా. కోర్టులో రోజూ ముందు కుర్చీలో కూర్చునేవారు."

"నీకు నరకం లేదని మా తమ్ముడు చెప్పాడట. నిశ్చింతగా ఉందా?"

"అయ్యగారు మంచోరమ్మా. ఆయనకి తెలీదు. ఉంది."

"నీకెలా తెలుసు?"

వాడు నా మొహం చూడలేదు. కుళాయి కేసి చూస్తూ చెప్పాడు. "నేను తలుపు బయటే ఉన్నానమ్మా. లోపల్నుంచి కొడుతున్నారు. మీ అమ్మాయి గొంతు గుర్తుపట్టాను. 'అన్నా, తాళం తియ్యన్నా' అంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. కోర్టులో అబద్ధం చెప్పాను. తలుపు ఇనుపదమ్మా, ఎర్రగా వేడెక్కిపోయింది. తాళం పట్టుకుంటే చెయ్యి కాలుద్దని భయపడ్డాను. అంతే. చెయ్యి కాలుద్దని. పారిపోయాను. కానీ ఎక్కడికీ పోలేదమ్మా, ఇంకా అక్కడే నించున్నాను. అన్నా అంటానే ఉంది."

చెంప మీద కొట్టాను. చెయ్యి నొప్పి పుట్టేలా కొట్టాను. "ఇంకోటి కొట్టండమ్మా" అని మొహం అలాగే పెట్టాడు. నావల్ల కాలేదు.

వాడు నరకంలో ఉన్నాడు తమ్ముడూ. నా కళ్ళతో చూశాను. ఇన్నేళ్ళూ చూడాలనుకున్నది అదే. చూస్తే నా కడుపు మంట చల్లారుతుందనుకున్నాను. నా బస్సు వచ్చేదాకా కూడా చూడలేకపోయాను. మొహం తిప్పుకుని గేటు బయటికి వచ్చేశాను.

సరే, ఇప్పుడు నీ సంగతి. వచ్చేముందు వాణ్ణి ఇంకొకటి అడిగాను. "ఈ మాట ఎవరికైనా చెప్పావా?" "అయ్యగారికి చెప్పానమ్మా, మొట్టమొదటి రోజే" అన్నాడు.

నీకు తెలుసు. నా కూతురు పిలిచిందని, తాళంచెవి వాడి జేబులోనే ఉందని నీకు ముందు నుంచీ తెలుసు. అది తెలిసి కూడా నాకు మాటలకి అర్థాలు చెప్పావు. మాత్రలు వేసుకోమన్నావు. మెట్ల మీంచి తోశానని రాశావు, ఎందుకు తోశావో రాయలేదు. నరకం ఎంతకాలమో నువ్వూ నేనూ కొట్టుకు చస్తుంటే, అసలు జరిగింది నీ పెదవుల వెనక దాచిపెట్టావు.

వాణ్ణి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళమను. నాకు చెప్పిన మాట అక్కడ చెప్పమను. మిగతా అయిదుగురు పిల్లల తల్లులు కూడా వినాలి. ఆ తర్వాత నీ దేవుడు వాణ్ణి ఏం చేసుకుంటాడో చేసుకోనీ, నేను అడ్డు రాను.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను. ఇప్పుడు బోధ గురించి కాదు.

అక్క

*

పాస్టరు క్వార్టర్సు

అక్కకు,

అవును, తెలుసు. పాస్టరు దగ్గర ఒప్పుకున్న మాట బయటపెట్టకూడదని నియమం. ఆ నియమం చాటున నేనే దాక్కున్నాను. నీకు చెప్పి, నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఇంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నీ మాట అతనికి చెప్పాను. నేను పూర్తి చెయ్యకముందే లేచి నించున్నాడు. "ఇన్నాళ్ళూ నన్ను దేవుడి దగ్గరికి పంపించారు అయ్యగారూ. పోలీసుల దగ్గరికి పొమ్మని ఒక్కసారి కూడా అన్లేదేం?" అన్నాడు.

ఇద్దరం నడిచే వెళ్ళాం. స్టేషన్ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. లోపల మాత్రం తడబడలేదు. "చెయ్యి కాలుద్దని భయపడ్డాను" అన్నప్పుడు రాసుకుంటున్న కానిస్టేబుల్ కలం ఆపి తలెత్తి చూశాడు. మళ్ళీ లోపల వేశారు. కేసు తిరగదోడతారట.

పెద్దలు నన్ను తీసేశారు. నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. మీ మరదలు సామాను సర్దుతూ నాతో మాట్లాడటం లేదు. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా అనుకోలేదు.

నేను నమ్మింది మాత్రం మారలేదు. ఎంతకాలం పట్టినా సరే, చివరికి అతన్ని కూడా దేవుడు లోపలికి తీసుకుంటాడనే అనుకుంటున్నాను. నువ్వేమంటావు? వాదించడానికి కాదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

నీ తమ్ముడు

*

బేకరీ వెనక గది

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఎక్కడికి వెళ్ళాలో అనుకోలేదట. అక్క చచ్చిపోయిందా? మరదల్ని తీసుకుని ఇక్కడికి రా. పిడుగు గది ఇవ్వను. మైదా బస్తాల గదిలో మంచం వేయించాను, కాస్త తుమ్ములొస్తాయి, ఓర్చుకో. మీ బావకి నడుము పట్టేసింది, ట్రేలు మొయ్యడానికి మనిషి కావాలి. ఆదివారం నాతో మా చర్చికి వస్తావు, నా పక్కన కూర్చుంటావు, నోరు మెదపవు. నీ మీద కోపం తగ్గిందనుకుని రావద్దు. తగ్గలేదు. తగ్గుతుందని మాట కూడా ఇవ్వను.

ఆ అయిదుగురి ఇళ్ళకీ వెళ్ళి చెప్పి వచ్చాను. ఒకావిడ అంతా విని, "మా పిల్ల కూడా పిలిచిందా?" అని అడిగింది. "లేదమ్మా, పొగకి అది ముందే స్పృహ తప్పిందట" అన్నాను. అబద్ధం. నాకేం తెలుసు? దానికి శిక్ష ఉంటే పడనీ.

నువ్వడిగినదానికి జవాబు. నన్నెందుకు అడుగుతున్నావు? కాలింది నేను కాదు. నువ్వూ కాదు. ప్రసంగాలు చేసేది నువ్వు, ఫిర్యాదులు రాసేది నేను, మధ్యలో దాన్ని ఎవ్వరం ఒక్క మాట అడగలేదు. వాడు వచ్చి నించున్న రోజున దేవుడు నిన్నూ అడక్కూడదు, నన్నూ అడక్కూడదు. పిడుగుని పిలిచి అడగాలి. అది ఊ అంటేనే వాడు లోపలికి రావాలి. అది కాదంటే దేవుడు కూడా నోరు మూసుకోవాలి.

చిన్నప్పుడు పక్కింటి పిల్లాడు దాన్ని గోడ మీంచి తోసి చెయ్యి విరగ్గొట్టాడు చూడు. కట్టు కట్టించుకొచ్చిన సాయంత్రమే, బేకరీలోంచి కేకు ముక్క తీసుకుని వాడింటికి వెళ్ళింది. "పాపం, వాడు భయపడి ఏడుస్తున్నాడమ్మా" అంది. వీపు మీద రెండు వేశాను.

అది ఏమంటుందో నాకు తెలుసురా. తెలుసు కాబట్టే నాకింత కోపం.

మీ అక్క